గట్టిగా చేసిన ప్రార్థన

పోయినవారం మా ఆయన్ని గడప మీద నిలబెట్టి కథ ఆపేశాను. పాపం, వారమంతా ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టుకుని ఆయన అక్కడే ఉన్నారు. ఇవాళ కదిలిస్తాను. కొత్తగా చదివేవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మా ఆయన పాస్టరు. ఒకప్పుడు గోదాముగా ఉన్న పొడుగాటి హాల్లో మా సంఘం కూడుకుంటుంది. అందులో బెంచీలు, ప్రసంగపీఠం, ప్రభు భోజనానికి రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల, అన్నీ ఒక్క మనిషి చేతి పని. ఆ మనిషి వడ్రంగి. సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పెద్దన్నే. మా ఆయన్ని తమ్ముడూ అంటాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆ లెక్కన మా ఆయనకి నేనేమవుతానో అడక్కండి. చర్చిలో వరసలు అలాగే ఉంటాయి.

పెద్దన్న భార్యని నేను వదినా అని పిలుస్తాను. ఆవిడకి జబ్బు చేసింది. డాక్టర్లు లాభం లేదన్నారు. ఆ మాట పెద్దన్న ఆవిడకి చెప్పలేదు. ఉన్నన్నాళ్లూ నవ్వుతూ ఉండనీ అనుకున్నాడు. మోయలేక ఒక్క మా ఆయనకి చెప్పుకున్నాడు, మా వెనక గదిలో, తలుపేసుకుని. నాకు కూడా తెలియనివ్వలేదు. పాస్టరు భార్యకి తెలియని సంగతి సంఘంలో ఉందంటే అదెంత గుట్టో మీరే ఆలోచించుకోండి.

ఆ గుట్టుని మా ఆయన ఆదివారం ఉదయం మైకులో పెట్టారు. కావాలని కాదు. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆయనకి ఎదురుగా ఎవరున్నదీ గుర్తుండదు. "ప్రభువా, వైద్యులు చేతులెత్తేసిన మా పెద్దన్న భార్యని నీ చేతుల్లో పెడుతున్నాను" అని గట్టిగా ప్రార్థించారు. కొన్నాళ్లుగా మంచం దిగని వదిన ఆ రోజు పట్టుబట్టి, పాటల మధ్యలో వచ్చి, నా పక్కన కూర్చుంది. ఆయన చూసుకోలేదట. రాకపోతే మాత్రం? మిగతా అందరికీ చెప్పొచ్చా?

వదిన కళ్లు తెరిచింది. హాలంతా కళ్లు తెరిచింది. ఆ తర్వాత ఆవిడ చర్చికి రాలేదు, పెద్దన్న రాలేదు. మా ఆయనేమో మరుసటి ఆదివారం ప్రసంగపీఠం మీద నుంచే, "నా మాటల వల్ల ఎవరైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి" అన్నారు. ఎవరైనా అట! ఆ పూట అన్నం కంచం ఆయన ముందు ఎంత గట్టిగా పెట్టానో పక్కింటివాళ్లకి కూడా వినిపించే ఉంటుంది.

సరే, కథలోకి వద్దాం.

ఆయన చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా హెడ్మాస్టారు వచ్చారు. ఎప్పుడో రిటైరయ్యారు, కానీ ఇప్పటికీ మనుషుల్ని వరసలో నిలబెట్టి చూసే అలవాటు పోలేదు. సంఘ పెద్దల్లో ఆయన మాటకి ఎదురుండదు. వాకిట్లోనే ఆపేశారు.

"ఎక్కడికి అయ్యగారూ?"

"పెద్దన్న దగ్గరికి, మాస్టారూ."

"వద్దు. ఆయన్నే రానివ్వండి. మీరు చేసింది ప్రార్థన. దొంగతనమా, దోపిడీనా? ప్రార్థన చేసినందుకు పాస్టరు వెళ్లి ఒకడి ముందు చేతులు కట్టుకుని నిలబడితే, రేపు ప్రతివాడూ నెత్తికెక్కి కూర్చుంటాడు. సంఘం పరువేం కావాలి?"

మా ఆయన మెత్తటి మనిషి. హెడ్మాస్టారి ముందు ఇంకా మెత్తబడతారు. ఇక చెప్పులు విప్పేస్తారనే అనుకున్నాను. విప్పలేదు.

"మాస్టారూ, ఈ ఆదివారం ప్రభు బల్ల ఆరాధన ఉంది. తోటివాళ్లతో సమాధానపడకుండా దాని దగ్గరికి రావద్దని ప్రతిసారీ మీ అందరికీ చెప్పేది నేనే. ఆ బల్ల చేసినాయనే నా మొహం చూడట్లేదు. నేను దాని వెనకాల ఎలా నిలబడను?"

"అంటే బల్ల ఆపేస్తారా?" హెడ్మాస్టారి గొంతు లేచింది.

"బల్ల ఆగదు. నేనాగుతాను. వేరే ఊరి నుంచి ఇంకో పాస్టరుగారిని పిలవండి."

"జనం అడిగితే ఏం చెప్పమంటారు?"

"నేను తప్పు చేశానని చెప్పండి."

హెడ్మాస్టారు నా వైపు చూశారు, మీరైనా చెప్పండమ్మా అన్నట్టు. నేను నా చెప్పులు వెతుక్కునే పనిలో పడ్డాను. ఈ చర్చికి వచ్చినప్పటి నుంచీ మా ఆయన్ని చూసి నాకు గర్వమనిపించిన సందర్భాలు లేకపోలేదు కానీ, అవన్నీ ప్రసంగాలప్పుడు. ఇది వేరు.

పెద్దన్న పని షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంటుంది. షెడ్డులోంచి వెనక వసారాలోకి ఒక తలుపు, వసారాలోంచి వదిన పడుకునే గదిలోకి ఇంకో తలుపు. మేం వెళ్లేసరికి ఆయన చిత్రిక పడుతున్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా కాళ్ల చుట్టూ పడుతోంది. చెవి మీద పెన్సిలు, కళ్లద్దాల మీద దుమ్ము. మనిషి సగమైపోయాడు.

మమ్మల్ని చూశాడు. చిత్రిక ఆపలేదు.

"రండి అయ్యగారూ. కూర్చోండి."

తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నేళ్లలో ఆ నోట తమ్ముడూ తప్ప ఇంకో పిలుపు వినలేదు మా ఆయన. మేం ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజు మా సామాను దింపుతూ, పేరైనా అడక్కుండా, "ఆ పెట్టె ఇటు పట్టు తమ్ముడూ" అన్న మనిషి. ఇవాళ కూర్చోండి అయ్యగారూ అంటున్నాడు, దారిన పోయేవాళ్లకి స్టూలు చూపించినట్టు.

మా ఆయన కూర్చోలేదు. "అన్నా, ఆ రోజు నేను... నీ మీద ప్రేమతోనే..."

"ప్రేమ సంగతి పక్కన పెట్టి చెప్పండి."

చిత్రిక మళ్లీ చెక్క మీద సాగింది. వేల మంది ముందు మాట్లాడమన్నా తడబడని మనిషికి ఆ చిన్న షెడ్డులో మాట దొరకలేదు. చెక్క అటు చివర ఊగుతోంది, పట్టుకునేవాళ్లు లేక. మా ఆయన వెళ్లి ఆ చివర పట్టుకున్నారు. పెద్దన్న వద్దనలేదు. అలాగని తలెత్తనూ లేదు. కాసేపు ఇద్దరూ అలా పని చేశారు.

"నువ్వు నన్ను నమ్మి చెప్పావు," అన్నారు మా ఆయన చివరికి. "నీ గుండెలో మాటని నేను మైకులో పెట్టాను. నిన్నడగలేదు. వదిన ఉందా లేదా అని కళ్లు తెరిచి చూడలేదు. ఆ తర్వాతన్నా నీ ఇంటికి పరిగెత్తుకు రాలేదు. పీఠం మీద నిలబడి, ఎవరైనా నొచ్చుకుని ఉంటే అన్నాను. నొచ్చుకుంది ఎవరో నాకు తెలుసు. తెలిసే అలా అన్నాను, నీ ఎదురుగా నిలబడ్డానికి భయమేసి. తప్పు నాది అన్నా. అంతా నాదే."

చిత్రిక ఆగింది.

పెద్దన్న కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆ చొక్కాకే ఇంత దుమ్ముంటే అద్దాలు ఏం శుభ్రపడతాయి? మళ్లీ పెట్టుకున్నాడు.

"మీరు క్షమించమంటే క్షమిస్తాను అయ్యగారూ. చిన్నప్పటి నుంచీ ఆ పాఠమే వింటున్నా. నాకు చేతకాని పని కాదది. కానీ నా ఇంట్లో ఏం జరిగిందో తెలుసా మీకు?"

మా ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఆ ఆదివారం నుంచీ ఆవిడ నాతో మాట్లాట్లేదు. ఒక్క మాట. ఒక్కటి కూడా. గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నేను అన్నం తీసుకెళ్తే తింటుంది, మందిస్తే మింగుతుంది. నోరు విప్పదు. ఇదివరకు దాహమేస్తే మంచం పట్టె మీద చెంచాతో కొట్టి పిలిచేది. ఈ రంపం మోతలో కూడా నాకది వినపడేది. ఇప్పుడు పక్కింటావిడ వచ్చినప్పుడు అడిగి తాగుతోంది. నన్ను పిలవదు."

ఉలి తీసి అటు పెట్టాడు, మళ్లీ ఇటు పెట్టాడు.

"ఆవిడ బాధేంటో నాకు తెలుసు. తనకి చెప్పాల్సిన మాట తనకంటే ముందు ఇంకొకరికి చెప్పాను కదా. పెళ్లాం చావు సంగతి పెళ్లానికి చెప్పకుండా పాస్టరుకి చెప్పిన మొగుణ్ణి నేను. నాకు మిగిలిందే నాలుగు రోజులు అయ్యగారూ. ఆ నాలుగు రోజులూ నవ్విద్దామనుకున్నా. అవి మీరు పట్టుకెళ్లిపోయారు. మిమ్మల్ని క్షమిస్తా, దానికేం? ఆవిడ మాట నాకు తెచ్చివ్వగలరా?"

పాస్టర్లకి ప్రతిదానికీ ఒక బైబిలు వాక్యం ఉంటుంది. ఆ రోజు ఆయన వాక్యం ఎత్తలేదు, ప్రార్థన చేద్దామా అనలేదు. ఆ పొట్టులోనే చతికిలబడి మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చారు. పెళ్లయ్యాక మా మామగారు పోయినప్పుడు ఒక్కసారి చూశాను ఆయన అలా ఏడవడం. పెద్దన్న ఆయన్ని లేవదీయలేదు. తనూ బల్లకి ఆనుకుని నిలబడి కళ్లు ఒత్తుకున్నాడు. ఇద్దరు మగవాళ్లు చెరో మూల ఏడుస్తుంటే మధ్యలో నిలబడి నేనేం చెయ్యను? ఒకరి మీద చెయ్యి వేస్తే ఇంకొకరికి అన్యాయం చేసినట్టుంది.

కాసేపటికి పెద్దన్నే తేరుకున్నాడు. మూల నిలబెట్టిన ఒక చెక్క సామాను తీసి నా చేతికిచ్చాడు. మంచం మీద వీపుకి ఆనించుకునే ఏటవాలు చెక్క. అంచులన్నీ గుండ్రంగా తీసి, చేత్తో నిమిరితే ఎక్కడా గరుకు తగలకుండా రుద్దాడు.

"పడుకుంటే ఊపిరాడట్లేదు చెల్లెమ్మా. దీనికి ఆనుకుంటే కాస్త సుఖంగా ఉంటుంది. ఎత్తు సరిపోయిందో లేదో నాకు చెప్పదు. ఎన్నిసార్లు చేసి ఎన్నిసార్లు విప్పానో. నువ్వు పట్టుకెళ్లి అడిగిరా."

నేను చెల్లెమ్మనే ఇంకా. దానికి కూడా ఏడుపొచ్చింది నాకు.

గదిలో కిటికీ సగం మూసి ఉంది. వదిన గోడ వైపు తిరిగే ఉంది. దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టుంది. అడుగుల చప్పుడుకి కదల్లేదు. "వదినా, నేను" అన్నాక ఇటు తిరిగింది.

నవ్వింది! నిజంగా నవ్వింది. "అమ్మాయ్, నువ్వా? ఆ తలుపు వెయ్యి ముందు."

తలుపేశాను. లేపి కూర్చోబెట్టి, వెనకాల ఆ చెక్క పెట్టాను. ఒళ్లంతా ఎముకలే తగిలాయి నా చేతులకి. వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, చేత్తో ఆ చెక్క అంచు తడుముతూ ఉండిపోయింది.

"ఎంత నున్నగా చేశాడో చూడు," అంది. ఆ తర్వాత ఏడ్చింది. చప్పుడు బయటికి పోకుండా దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన మీద, ఆ మైకు మీద, ఆ రోజు కళ్లు తెరిచి ఇటు చూసిన ప్రతి ఒక్కరి మీద. "మా ఆయన చేసింది పాపం వదినా. మీరు ఎన్ని తిట్టినా తక్కువే. కానీ అన్నయ్యని ఇలా శిక్షించొద్దు. ఆయన మీ కోసమే దాచాడు."

"శిక్షా?" దుప్పటి తీసి నా వైపు చూసింది. "నాకు మీ అన్నయ్య మీద కోపమనుకుంటున్నాడా?"

"మరి కాదా?"

షెడ్డులో రంపం మొదలైంది. ఆ చప్పుడు చూసుకుని, దాని చాటున చెప్పింది.

"నాకు ముందే తెలుసు అమ్మాయ్. ఆసుపత్రిలోనే తెలుసు. ఎవరూ చెప్పలేదు. నన్ను బయట కూర్చోబెట్టి మీ అన్నయ్య డాక్టరు గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చి, వంగి, బెంచీ కిందున్న నా చెప్పులు తీసి నా కాళ్ల ముందు పెట్టాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆ మనిషి నా చెప్పులు ముట్టుకుంది లేదు. పైగా తొందరగా రావే, నీ కోసం ఎంతసేపు నిలబడాలి అని లేని విసుగు నటించాడు కూడా. అప్పుడే అర్థమైపోయింది."

"మరి చెప్పలేదేం వదినా?"

"ఏమని చెప్పను? ఆ రోజు నుంచీ నన్ను నవ్వించడమే పనిగా పెట్టుకున్నాడు. నువ్వు లేచి తిరిగితే నా ప్రాణం తోడేస్తావు, ఇంకొన్నాళ్లు పడుకో అంటాడు. అవేం గొప్ప జోకులు కావు. పెళ్లయిన కొత్తలోవే, తిప్పి తిప్పి వాడుతున్నాడు. నేను నవ్వేదాన్ని. నేను నవ్వితే ఆయనకి ఆ పూటకి ముద్ద దిగేది. నా కోసం ఆయన, ఆయన కోసం నేను. బాగానే గడుస్తోంది. ఇంతలో అయ్యగారు..." ఆగి ఊపిరి తీసుకుంది. "అయ్యగారి మీద కోపముంది. లేదని అబద్ధం చెప్పను. హాల్లో అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు చూడు, బతికుండగానే నన్ను ఆఖరి చూపు చూడ్డానికి వచ్చినట్టు. అది మర్చిపోలేకపోతున్నా."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మీ అన్నయ్యతో మాట్లాడకూడదని కాదు. మాట్లాడితే మొదట ఒకటే అడుగుతాడు, ముందే తెలుసా నీకు అని. ఆ మనిషికి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు, చెప్పినా దొరికిపోతాను. తెలుసని తెలిస్తే? ఇన్నాళ్లూ లోపల ఏడుస్తూ పైకి నవ్వింది అంతా నేను చూస్తూనే ఉన్నానని తెలిస్తే తట్టుకోగలడా? నన్ను సుఖంగా ఉంచానన్న ఆ ఒక్క తృప్తయినా మిగలనీ. కోపమనే అనుకోనీ. కోపమైతే నేను పోయాక నెమ్మదిగా తగ్గుతుంది."

"అలా తగ్గదు వదినా. అక్కడ మనిషి చచ్చిపోతున్నాడు."

ఆవిడ మాట గట్టిగానే వచ్చింది. "నువ్వు మాత్రం చెప్పకు. ఒట్టు పెట్టమనను, మాటివ్వు చాలు. మీ అన్నయ్యకి చెప్పొద్దు. అయ్యగారికి అసలే చెప్పొద్దు. ప్రార్థన కోసమని కూడా చెప్పొద్దు, ఇది ప్రార్థన అంశం కాదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాటిచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను? ఆ కళ్ల ముందు ఎవరైనా ఇస్తారు.

"ఎత్తు ఒక్క వేలెడు తగ్గించమను," అంది చివరికి చెక్క నిమురుతూ. "బాగుందని చెప్పు."

బయటికి వచ్చేసరికి రంపం ఆగిపోయింది. మా ఆయన లేచి నిలబడి ఉన్నారు, ప్యాంటుకి పొట్టు అంటుకుని. పెద్దన్న నా మొహంలోకి చూశాడు.

"సరిపోయిందా చెల్లెమ్మా?"

"ఒక్క వేలెడు తగ్గించమన్నారు అన్నయ్యా. బాగుందన్నారు."

"అందా? నోరు విప్పి అందా?" ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది, చూడలేకపోయాను. "ఇంకేమంది? నా గురించి ఏమైనా అందా?"

మా ఆయన కూడా నా వైపే చూస్తున్నారు. ఆ చూపులో ఆశ ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే? ఆవిడకి నీ మీద కోపం లేదన్నా, వెళ్లి ఆ చెయ్యి పట్టుకో అని చెప్పేస్తే? ఇటు అన్నదమ్ములు కలుస్తారు, అటు మొగుడూ పెళ్లాలు కలుస్తారు. ఆదివారం మా ఆయన బల్ల వెనక నిలబడతారు. అంతా మంచికే. మా ఆయన కూడా ఆ ఆదివారం ఇలాగే అనుకుని ఉంటారు, అంతా మంచికేనని. కంచం అంత గట్టిగా పెట్టిన చేతుల్ని చూసుకున్నాను.

అప్పుడు వినపడింది. లోపల, మంచం పట్టె మీద చెంచా చప్పుడు.

మళ్లీ కొట్టింది, మెల్లగా. నేను గదిలోంచి వచ్చి నిమిషం కూడా కాలేదు. పిలుస్తోంది నన్ను కాదు.

పెద్దన్న పరిగెత్తాల్సిన మనిషి. రెండడుగులు వేసి, తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టి, ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను చెల్లెమ్మా? ఒక్క మాట చెప్పు. అవునా కాదా చాలు. నా మీద కోపమేనా దానికి?"

మా ఆయన కళ్లు మూసుకున్నారు. లోపల చెంచా మూడోసారి మోగింది. నేను నోరు తెరిచాను. మిగతాది వచ్చేవారం.